సెయింట్ పాంక్రాస్ క్యూలో టైము కలిసొచ్చే చిట్కా

లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్లో పారిస్ లాంటి చోట్లకు వెళ్లే యూరోస్టార్ రైలు ఎక్కేవాళ్లకు, ఈఈఎస్ (యూరప్‌లోని షెంగెన్ దేశాలకు వచ్చిపోయే విదేశీయుల వేలిముద్రలు, ఫొటో నమోదు చేసే కొత్త పద్ధతి) వచ్చాక, అక్కడే పాస్‌పోర్టులు చూసే ఫ్రెంచ్ పోలీసుల కౌంటర్ దగ్గర లైను ఓ పట్టాన కదలట్లేదు. అక్కడ బ్యాగు విప్పి కాగితాలు వెతుక్కుంటే వెనకాలున్నవాళ్లంతా ఆగాల్సిందే.

పాస్‌పోర్టు కవరు ముందే తీసేసి, షెంగెన్ వీసా పేజీలో చిన్న చీటీ పెట్టుకోండి. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్ ప్రింట్లు ఒకే ప్లాస్టిక్ ఫోల్డర్‌లో వేసి, సామాను స్కానింగ్ కాగానే చేతిలోకి తీసుకోండి. ఫోన్లో ఉన్నాయిలే అనుకోవద్దు, చార్జింగ్ సరిగ్గా అక్కడే అయిపోతుంది! వేలిముద్రలు వీసాకే ఇచ్చుంటారు కాబట్టి మామూలుగా ఫొటో ఒక్కటే తీస్తారు. టోపీ, కళ్లద్దాలు లైన్లోనే తీసేయండి. 12 ఏళ్లలోపు పిల్లలకూ ఫొటోయే.

ఒక్కటి మాత్రం చూసుకోండి: రైలుకు 30 నిమిషాల ముందే టికెట్ గేట్లు మూసేస్తారు. అది దాటాక వస్తే ఫోల్డర్ ఎంత పక్కాగా ఉన్నా లాభం లేదు.