తిరుపతి లాడ్జిలో ఉద్యోగం, చర్చిలో సభ్యత్వం: రెండూ ఎలా నడుపుకోవాలి

తిరుపతి రైల్వేస్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్ చూస్తాను. మా ఇంట్లో తాతల కాలం నుంచి చర్చికి పోయేవాళ్లమే. మా యూత్ మీటింగ్‌లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఇవే అడుగుతుంటారు: ప్రసాదం ఇస్తే ఏం చేయాలి, ఆదివారం లీవు దొరక్కపోతే ఏం చేయాలి, ఆయుధ పూజ రోజు ఎక్కడ నిలబడాలి. నేను పాటించే పద్ధతి రాస్తున్నాను. మీ పాస్టర్ గారి మాట పక్కన పెట్టమని కాదు. ఆయన కౌంటర్లో కూర్చోరు, మనం కూర్చుంటాం, అంతే తేడా.

మొదటి సంగతి, ఏది చేస్తామో ఏది చేయమో ముందే ఇంట్లో తీరిగ్గా తేల్చుకోండి. ఎదుటి మనిషి చెయ్యి చాపాక ఆలోచించడం మొదలుపెడితే మొహంలో గాబరా కనిపిస్తుంది. దాన్ని వాళ్లు అసహ్యం అనుకుంటారు.

లడ్డూ మాకు రోజూ ఉండేదే. కొండ దిగి వచ్చినవాళ్లు గది ఖాళీ చేసేటప్పుడు కవర్లోంచి ఒకటి తీసి చేతికిస్తారు. బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలు తీయండి, విగ్రహాలకు అర్పించిన మాంసంతో వాళ్లకూ ఇదే తంటా. అంగట్లో అమ్మే మాంసం గురించి ఆరా తీయకుండా తినమన్నాడు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే పెట్టింది తినమన్నాడు. కానీ ‘ఇది అర్పించినది’ అని ఎవరైనా చెబితే, ఆ చెప్పిన మనిషి కోసం తినొద్దన్నాడు. కొరింథులో అడగకుండా ఊరుకుంటే సరిపోయేది. తిరుపతిలో ఆ వెసులుబాటు లేదు. ‘శ్రీవారి ప్రసాదం బాబూ’ అని చెప్పే ఇస్తారు. అందుకే నేను తినను.

తినకపోవడం వేరు, తోసెయ్యడం వేరు. నేను రెండు చేతులతో తీసుకుంటాను. ‘చాలా సంతోషం సార్. నేను చర్చికి పోతాను, తినను. మా రూమ్ బాయ్ వాళ్లింటికి పంపిస్తాను, వాళ్లమ్మ కళ్లకద్దుకుని తింటుంది’ అంటాను. అన్నట్టే వాడికి ఇచ్చేస్తాను. చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఒకరిద్దరు ‘అయితే ఇటివ్వు’ అని వెనక్కి తీసుకుంటారు. తీసుకోనివ్వండి, వాళ్లకది అంత విలువైనది. తీసుకుని చెత్తబుట్టలో వేసేవాళ్లు మనలోనే ఉన్నారు, దానికంటే మొహం మీద వద్దనడమే మర్యాద. ఇంకొకటి, ఆ సమయంలో సువార్త ఎత్తుకోవద్దు. రాత్రంతా క్యూలో నిలబడి వచ్చిన మనిషికి రైలు టైమవుతుంటుంది.

మా చర్చిలోనే లడ్డూ తినే అన్న ఒకాయన ఉన్నాడు. పిండీ చక్కెరా నెయ్యే కదరా అంటాడు. ఆయనతో నేను వాదించను. తినేవాడు తిననివాణ్ని చులకన చేయకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు అని రోమా పత్రిక 14వ అధ్యాయంలో తేల్చేశాడు పౌలు.

లడ్డూ గురించి ఇంత టెన్షన్ పడే మనవాళ్లు దొంగ బిల్లు దగ్గర మాత్రం కళ్లు మూసుకుంటారు, నా బాధ అది. కంపెనీ పని మీద వచ్చినవాళ్లు 1,500 గదికి 2,200 అని రాసిమ్మంటారు. వంద చేతిలో పెడతారు. ఇందులో మనస్సాక్షిని అడగాల్సిన పనేముంది? సామెతల గ్రంథంలో దొంగ త్రాసు గురించి ఉన్న మాట ఇలాంటి పనికే. ‘కంప్యూటర్ ఒప్పుకోదు సార్’ అని తప్పించుకోకండి, అదీ అబద్ధమే. ‘నేను రాయను సార్, ఏమనుకోవద్దు’ అంటే చాలు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మేనేజర్‌కు ఈ మాట చెప్పి పెట్టుకోండి. మా మేనేజరన్న రోజూ నామం పెట్టుకుని వచ్చే మనిషి. ఈ విషయంలో నా వెనక గట్టిగా నిలబడేది ఆయనే.

దర్శనం టికెట్ల దళారులూ అంతే. 300 రూపాయల టికెట్ ఎక్కువ రేటుకు ఇప్పిస్తామంటూ కౌంటర్ మీద నంబర్లు పెట్టి పోతారు, పంపిన ప్రతి మనిషికీ కమీషన్. ఆ నంబర్లు చించేయండి. ఆధార్ చూసే చోట ఆ టికెట్ చెల్లకపోతే ముసలీ ముతకా అందరూ వెనక్కి రావాలి. ఉచిత టోకెన్లు విష్ణు నివాసంలో, శ్రీనివాసంలో, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్‌లో ఇస్తారని నేనే చెబుతాను. ‘నువ్వే గుడికి దారి చూపిస్తావా’ అని మా పిన్ని ఒకసారి అడిగింది. అడిగిన మనిషికి దారి చెప్పడం నా ఉద్యోగం పిన్నీ అన్నాను. అందులో నాకు ఏ బరువూ లేదు.

ఆయుధ పూజ ముందు రోజు కౌంటర్, కంప్యూటర్, తాళాల బోర్డు శుభ్రంగా తుడిచేది నేనే. పూజ టైముకు ఫోన్లు చూసుకుంటాను, హారతి తీసుకోను. అలిగినట్టు బయటికి పోను. మరమరాలు పంచేటప్పుడు కూడా లడ్డూ పద్ధతే.

స్నేహితులతో కొండకు పోవచ్చా అంటే, పోతాను. శిలాతోరణం దాకా తిరిగొస్తాను, దర్శనానికి పోను. హిందువులు కానివాళ్లు దర్శనానికి పోవాలంటే స్వామి మీద విశ్వాసముందని డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి. లేని విశ్వాసం ఉందని సంతకం పెడితే అటు వాళ్లనూ ఇటు నన్నూ మోసం చేసినట్టే. కొండ మీద అన్యమత ప్రచారం నిషేధం, బ్యాగులో కరపత్రాలుంటే ఇంట్లో పెట్టి పోండి.

ఇక ఆదివారం. శని, ఆదివారాల్లోనే మాకు గదులు నిండుతాయి కాబట్టి ఊరికే అడిగితే లీవు రాదు, మార్చుకోవాలి. సంక్రాంతి, దసరా, మే నెలలో గంగమ్మ జాతర చివరి రోజు డ్యూటీ నేనే అడిగి తీసుకుంటాను. ఆ రోజుల్లో ఇంట్లో ఉన్నవాళ్లు ఆదివారం పొద్దున కౌంటర్లో కూర్చుంటారు. అదీ కుదరని వారం తొలి ఆరాధనకు పోయి ఆలస్యంగా డ్యూటీ ఎక్కుతాను. నెలలో మొదటి ఆదివారం బల్లారాధన, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన మాత్రం వదులుకోను. డిసెంబర్ సంగతి వేరే. 2025లో వైకుంఠ ఏకాదశి డిసెంబర్ 30న పడింది, వైకుంఠ ద్వార దర్శనాలు పది రోజులు. మరుసటి రాత్రే మనకు వాచ్ నైట్, అంటే కొత్త సంవత్సరం రాత్రి ఆరాధన. ఇలాంటివి పంచాంగం చూసి దసరా పోగానే డ్యూటీ చార్ట్‌లో రాయించుకోండి. డిసెంబర్లో అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.

టిప్పులకు కూడా దశమభాగం ఇవ్వాలా అని అడిగేవాళ్లుంటారు. జీతం కాదు కదా అని వాళ్ల లెక్క. నేను డ్రాయర్లో ఒక కవరు పెట్టుకున్నాను, ఏ రోజు వచ్చిన దాంట్లో పదో వంతు ఆ రోజే అందులో వేస్తాను. దొంగ బిల్లుకు ఇచ్చే వందను మాత్రం టిప్పు అనుకుని ఆ కవర్లో వేయొద్దు. అది తీసుకోకూడని డబ్బు, అక్కడికక్కడే తిరిగిచ్చేయండి.