ఓబో రీడ్ పారేసే ముందు ఈ పని చేసి చూడండి

ఓబో అనే ఊదే వాయిద్యం కొత్తగా నేర్చుకునేటప్పుడు ఎంత ఊదినా శబ్దం రాకపోతే మనకే చేతకావట్లేదనుకుంటాం. చాలాసార్లు తప్పు రీడ్‌దే, అంటే నోట్లో పెట్టుకుని ఊదే, రెండు రెల్లు పలకలను దారంతో కట్టిన చిన్న ముక్కదే.

కొనేటప్పుడు మీడియం సాఫ్ట్ అడగండి. గట్టివైతే పది నిమిషాలకే పెదాలు లాగేస్తాయి. షాపులోనే ఊదే కొసను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, పగులు ఉంటే వెంట్రుకలా సన్నగా కనిపిస్తుంది.

ఇంటికొచ్చాక చిన్న గ్లాసులో నీళ్లు పోసి, రీడ్ అడుగున ఉండే కార్క్ తడవకుండా 2-3 నిమిషాలు నానబెట్టండి. కార్క్ వైపు రంధ్రాన్ని వేలితో మూసి మెల్లగా ఊదండి. పక్కల నుంచి గాలి బుస్సుమంటే లీక్ ఉన్నట్టే. మా అమ్మాయి రీడ్‌కి ఇలాగే అయితే, కుళాయికి చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు మా వీధి హార్డ్‌వేర్ షాపులో తెచ్చి, దారం అయిపోయి రెల్లు మొదలయ్యే చోట రెండు చుట్లు బిగుతుగా చుట్టాను. ఆ సాయంత్రమే కింది స్వరాలు హాయిగా పలికాయి! ఎంత సంతోషపడిందో.

కొస పగిలితే మాత్రం టేపు పనిచేయదు, కొత్తది కొనాల్సిందే. హైదరాబాద్ ఎండాకాలంలో రీడ్ త్వరగా ఆరిపోతుంది కదా అని గంటసేపు నానబెట్టకండి, రీడ్ కొస మరీ తెరుచుకుని ఊదడం ఇంకా కష్టమవుతుంది.