స్ట్రోక్ రోగి సంరక్షణ – 4వ పాఠం: గడ్డను కరిగించే మందు ఇచ్చాక 24 గంటలు

సి.టి. స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే గడ్డను కరిగించే మందు ఆల్టెప్లేస్ ఇవ్వాలని గత పాఠంలో చూశాము. కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాముల చొప్పున, మొత్తం 90 మిల్లీగ్రాములు మించకుండా లెక్కకట్టి, పదోవంతును ఒక నిమిషంలోను, మిగిలినదాన్ని 60 నిమిషాలలోను ఎక్కించే ఈ మందు వల్ల మెదడులో రక్తం చిమ్మే ప్రమాదముంది. దాన్ని పడక దగ్గరే పసిగట్టడం నర్సుగా మీరు ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని.

రక్తం అందక దెబ్బతిన్న చోట సన్నని రక్తనాళాల గోడలు కూడా బలహీనపడతాయి. గడ్డ కరిగి రక్తం మళ్ళీ పారినప్పుడు అవి చిట్లవచ్చు. ఆ చిరుగును పూడ్చవలసిన ఫైబ్రిన్‌ను (రక్తపు గడ్డను పట్టి ఉంచే ప్రోటీన్ పోగులను) సైతం మందు కరిగిస్తూనే ఉంటుంది. కనుకనే మందుకు ముందు 185/110 కంటే తక్కువకు తెచ్చిన రక్తపోటును, ఆ తరువాత 24 గంటలూ 180/105 దాటనివ్వకూడదు.

మందు మొదలైనప్పటి నుండి 2 గంటలపాటు 15 నిమిషాలకొకసారి, తరువాతి 6 గంటలు అరగంటకొకసారి, ఆపై గంటకొకసారి బి.పి.తో పాటు స్పృహ, మాట, కాలుచేతుల బలం చూసి రాయాలి. కొత్తగా తీవ్రమైన తలనొప్పి, వాంతి, బి.పి. హఠాత్తుగా పెరగడం, ఉన్న బలహీనత ఎక్కువవడం కనిపిస్తే, మందు ఇంకా ఎక్కుతుంటే వెంటనే ఆపించి, డాక్టరును పిలిచి, సి.టి.కి సిద్ధం చేయాలి. మాట పడిపోయిన రోగి తలనొప్పి అని చెప్పలేడు. నుదురు పట్టుకోవడం, కారణం లేని చికాకు, మగత అతని తరఫున చెబుతాయి. “ఇప్పుడే నిద్ర పట్టిందండీ” అని బంధువులు బతిమాలినా లేపి చూడవలసిందే. ఇది నిర్దయ కాదని వారికి ముందే నెమ్మదిగా చెప్పి ఉంచండి.

ప్రమాదం ఎంత అని వారు అడుగుతారు. 1995లో అమెరికాలో వెలువడిన ఎన్.ఐ.ఎన్.డి.ఎస్. (అక్కడి జాతీయ నాడీ వ్యాధుల, స్ట్రోక్ పరిశోధన సంస్థ) అధ్యయనంలో, లక్షణాలు కనిపించేంత రక్తస్రావం మందు తీసుకున్నవారిలో 6.4 శాతానికి, తీసుకోనివారిలో 0.6 శాతానికి వచ్చింది. అయినా మూడు నెలలకు మరణాలు మందు తీసుకున్నవారిలో 17 శాతం, తీసుకోనివారిలో 21 శాతం. వైకల్యం లేకుండా కోలుకున్నవారూ మందు తీసుకున్నవారిలోనే ఎక్కువ. మొదటి అంకెను మాత్రమే చెప్పి భయపెట్టడం, దాన్ని దాచి ధైర్యం చెప్పడం, రెండూ తప్పే.

అభ్యాసం: రాత్రి 11 గంటలకు మందు మొదలైన రోగికి మరునాటి రాత్రి 11 వరకు పరిశీలన పట్టిక గీయండి. మొదటి గడి 11:15. మొత్తం 36 గడులు రావాలి. 24 గంటలకు మళ్ళీ తీసే సి.టి. చూడకముందు ఆస్పిరిన్ ఎందుకు ఇవ్వరాదో 5వ పాఠంలో చూద్దాము.