షాపులో మెరిసిన రాయి ఇంట్లో ఎందుకు మెరవడం లేదు?

మా అమ్మకు కనకపుష్యరాగం ఉంగరం చేయించినప్పుడు ఐదు రత్తుల బరువుకు తగ్గకూడదని జాతకం చూసినాయన చెప్పారు. తిరుపతిలోనే ఒక దుకాణంలో కొన్నాం. అక్కడి దీపాల కింద తేనెచుక్కలా మెరిసింది. ఇంటికొచ్చి వరండాలో చూస్తే నడుమ రంగే లేదు. మోసపోయామని రాత్రంతా టెన్షన్. ల్యాబ్ కాగితం చూస్తే రాయి అసలుదే. మాకు తెలిసిన పెద్దాయన, నగలు చేసే ఆచారి గారు, ఉంగరం చేతిలోకి తీసుకుని ఒక్క మాటన్నారు: "రాయి మంచిదేనమ్మా, కటింగే బాగాలేదు. ఆ నడుమ కనిపించేది రాయి రంగు కాదు, మీ వేలు."

నడుమ వెలవెలబోతోంది, కింద వేలు కనిపిస్తోంది

కారణం: రాయి అడుగుభాగం పల్చగా ఉంది. పైనుంచి దిగిన వెలుగు అడుగున చెక్కిన పలకలకు తగిలి మళ్ళీ మన కంటికి రావాలి. ఆ పలకల వాలు సరిపోకపోతే వెలుగు కిందికి జారిపోతుంది. ఎంత వాలు కావాలనేది రాయిని బట్టి మారుతుంది. ఊదారంగు రాయి అమెథిస్ట్‌కి 40 డిగ్రీలు దాటాలి. కెంపు, నీలం, కనకపుష్యరాగం ఒకే జాతి రాళ్ళు, వాటికి 35 డిగ్రీల పైన ఉండాలి.

కొనేముందు పరీక్ష చాలా తేలిక. పొదగని రాయిని న్యూస్‌పేపర్ మీద, పెద్ద పలక పైకి వచ్చేలా పెట్టండి. నడుమ నుంచి అక్షరాలు చదవగలిగితే ఆ రాయి వద్దు. కొంచెం వంచినప్పుడు ఒక మూల అక్షరం తొంగిచూస్తే ఫర్వాలేదు, దాదాపు ప్రతి రంగురాయిలో అంతమాత్రం ఉంటుంది.

కొనేసి ఉంటే రెండు దార్లు. ఒకటి, మళ్ళీ కటింగ్ చేయించడం. బరువు తగ్గుతుంది, చుట్టుకొలత కూడా తగ్గొచ్చు. ఖరీదైన రాయికైతేనే ఆ ఖర్చు గిట్టుబాటు. రెండోది, వెనుక మూసి, రేకు వేసి పొదిగించడం. పాత కెంపుల నగలు అంత ఎర్రగా వెలగడానికి రాయి కింది రేకు కూడా ఒక కారణం. కానీ జాతకం కోసం పెట్టుకునే ఉంగరంలో రాయి చర్మానికి తగలాలని అడుగు తెరిచి ఉంచుతారు కదా, అక్కడ ఈ ఉపాయం పనిచేయదు. అందుకే మేం అమ్మ రాయిని లాకెట్‌గా మార్చి వెనుక మూయించాం. ఇప్పుడు నిండుగా ఉంది. ఉంగరానికి వేరే రాయి కొన్నాం, ఈసారి పేపర్ మీద పెట్టి చూశాకే.

బరువుంది, కానీ చిన్నగా కనిపిస్తోంది

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఇందులో మన తప్పూ ఉంది. దుకాణంలో కూర్చోగానే "ఐదు రత్తులు చూపించండి" అంటాం. రాయిని బరువు లెక్కన అమ్ముతారు కాబట్టి, కటింగ్ చేసేవాళ్ళు అడుగున పొట్ట వదిలేస్తారు. ఆ పొట్ట పైకి కనిపించదు, మెరుపూ ఇవ్వదు, డబ్బు మాత్రం దానికీ కడతాం. పైగా ఉంగరం వేలి మీద ఎత్తుగా నిలబడి చీరలకు, తలుపులకు తగులుతుంది.

రాయిని పక్కనుంచి చూడండి. అడుగు ఉబ్బి కుండలా ఉంటే వదిలేయండి. పొడవు, వెడల్పు, లోతు మిల్లీమీటర్లలో కొలిచి చెప్పమనండి, ప్రతి మంచి దుకాణంలోనూ కొలిచే పరికరం ఉంటుంది. లోతు, వెడల్పులో 60 నుంచి 80 శాతం మధ్య ఉంటే సాధారణంగా బాగుంటుంది. రత్తి లెక్క అన్నిచోట్లా ఒకేలా ఉండదు, కాబట్టి బరువు క్యారెట్లలో రాయించుకోండి. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు.

రాయి నల్లగా ఉంది

నీలాల్లో, ముదురెరుపు గార్నెట్ రాళ్ళలో ఎక్కువ. రంగు మరీ ముదురైనా, అడుగు మరీ లోతైనా వెలుగు లోపలే చిక్కుకుంటుంది. షాపు స్పాట్‌లైట్ కింద ఇది తెలియదు. తిరుపతి గాంధీ రోడ్డులో కొన్నా, చిత్తూరు బజారులో కొన్నా, రాయిని గుమ్మం దాకా తెచ్చి నీడలో, పగటి వెలుగులో చూపమనండి. మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం చూడకండి, అందులో ఏ రాయైనా తళుక్కుమంటుంది. ముదురు రాయి నచ్చితే చిన్న సైజు తీసుకోండి, అదే ముదురు రంగు పెద్ద రాయిలో ఇంకా నల్లబడుతుంది.

పక్కనుంచి చూస్తే రంగే లేదు

భయపడకండి, ఇది చాలాసార్లు లోపం కాదు. శ్రీలంక నీలాల్లో రంగు అంతటా సమంగా ఉండదు. పనితనం తెలిసినవాళ్ళు ఆ రంగు పట్టీని అడుగు మొనలో నిలుపుతారు. పైనుంచి చూస్తే అదే రాయంతా పరుచుకుంటుంది. ఇలాంటి రాయిని మాత్రం మళ్ళీ కటింగ్‌కి ఇవ్వొద్దు. అడుగు తీసేస్తే రంగు కూడా పోతుంది. ఇక పైనుంచి చూసినప్పుడే రంగు మచ్చలుగా, ఒక పక్కకే ఉంటే అది వేరే సంగతి, తీసుకోవద్దు.

అంచు పెచ్చు ఊడింది

పై భాగం, అడుగుభాగం కలిసే నడుము అంచు కత్తిలా పల్చగా ఉంటే, బిగించేటప్పుడే పెచ్చు లేస్తుంది. పచ్చకు ఈ ప్రమాదం ఎక్కువ. చిన్న పెచ్చయితే చుట్టూ బంగారు అంచు కట్టించి దాచొచ్చు.

కెంపులో కొత్తగా తెల్లటి గీతలు వచ్చాయి

ఇది కటింగ్ వల్ల వచ్చేది కాదు, అయినా చెప్పాలి. పగుళ్ళలో సీసపు గాజు నింపిన కెంపులు బజారులో చాలా ఉన్నాయి. ఆచారి మంట తగిలినా, ఇంట్లో చింతపండుతోనో నిమ్మకాయతోనో నగ తోమినా ఆ గాజు దెబ్బతింటుంది. దానికి బాగుచేత లేదు. కెంపు కొనేటప్పుడు గాజు నింపారా లేదా అన్నది ల్యాబ్ కాగితంలో ఉందో లేదో చూసుకోండి. నగ రిపేరుకు ఇచ్చేటప్పుడు ఆ కాగితం ఆచారికి కూడా చూపించండి, మంట పెట్టేముందు రాయి తీసి పక్కన పెడతారు.