రెస్టారెంట్ సర్వీసుకు పనికొచ్చే ఇంగ్లీష్ ఎలా నేర్చుకోవాలి?

ఊళ్ల నుంచి హైదరాబాద్ వచ్చి స్టీవార్డులుగా, అంటే ఆర్డర్ తీసుకుని వడ్డించే పనిలో చేరే పిల్లలకు ట్రే పట్టుకోవడం వారంలో వచ్చేస్తుంది. గెస్ట్ ఇంగ్లీష్‌లో ఒక మాట అడిగితే మాత్రం టెన్షన్‌తో తమ పైన ఉండే సీనియర్, కెప్టెన్ వైపు చూస్తారు. ఆ భయంతో గ్రామర్ పుస్తకం కొంటారు, పది పేజీలు చదివి పక్కన పెడతారు. మన పనికి ఆ పుస్తకం అక్కర్లేదు. గెస్ట్ కూర్చున్నప్పటి నుంచి బిల్లు కట్టేదాకా రోజూ జరిగేవి అవే మాటలు. వాటిని గట్టిగా పట్టుకుంటే చాలు.

ముందు మీ మెనూ కార్డు తీసుకోండి. రోజుకు ఐదు ఐటమ్స్. ఒక్కోదానికి మూడు ముక్కలు చెప్పగలగాలి: దేంతో చేస్తారు, రుచి ఎలా ఉంటుంది, దేంతో తింటే బాగుంటుంది. ఉలవచారు అయితే, "ఇట్స్ మేడ్ ఫ్రమ్ హార్స్ గ్రామ్. ఇట్స్ థిక్ అండ్ ఎ లిటిల్ టాంగీ. ఇట్స్ గుడ్ విత్ రైస్ అండ్ క్రీమ్." గోంగూరకు "సవర్ లీఫ్" అంటే అర్థమవుతుంది. ఏ ఐటమ్‌లో ఏం పడుతుందో కిచెన్‌లోకి వెళ్లి చెఫ్‌ను అడగండి. తెలుగులో తెలియనిది ఇంగ్లీష్‌లో చెప్పలేం.

తర్వాత మర్యాద. దీని దగ్గర కాస్త ఆగాలి. తెలుగులో "ఏం కావాలండి?" అంటే ఆ "అండి"లోనే గౌరవమంతా ఉంది. దాన్నే "వాట్ డూ యూ వాంట్?" అని మారిస్తే "అండి" ఎగిరిపోయి, గదమాయించినట్టు వినిపిస్తుంది. ఇంగ్లీష్‌లో ఆ పని "మే ఐ", "వుడ్ యూ లైక్" అనే మాటలు చేస్తాయి. "మే ఐ టేక్ యువర్ ఆర్డర్?", "వుడ్ యూ లైక్ రెగ్యులర్ వాటర్ ఆర్ బాటిల్డ్ వాటర్?" ప్లేటు తీసేటప్పుడు "ఫినిష్డ్?" అనకండి, "మే ఐ క్లియర్ దిస్?" అనండి. "వెయిట్" అనే బదులు "ప్లీజ్ గివ్ మీ టూ మినిట్స్" అనండి. ఐటమ్ అయిపోతే "సారీ సర్, ఇట్స్ నాట్ అవైలబుల్ టుడే" అని, వెంటనే దానికి దగ్గరగా ఉండే ఇంకొకటి చెప్పండి.

ఇంకో చిక్కు ఉంది. "ఉల్లిపాయ వద్దాండి?" అంటే మనం "అవును, వద్దు" అంటాం. అదే ప్రశ్న ఇంగ్లీష్‌లో అడిగితే, వద్దనుకునేవాళ్లు "నో" అంటారు. మన చెవికి అది "కాదు, కావాలి" అన్నట్టు వినిపించవచ్చు. కాబట్టి "వద్దా" అనే ప్రశ్నే అడగొద్దు. "విత్ ఆనియన్ ఆర్ వితౌట్ ఆనియన్?" అనండి. అలాగే థర్టీన్, థర్టీ కలిసిపోతాయి. టేబుల్ నంబర్ కిచెన్‌కు చెప్పేటప్పుడు "వన్ త్రీ", "త్రీ జీరో" అనండి. కేఓటీ (కిచెన్‌కు వెళ్లే ఆర్డర్ చీటీ) పంపే ముందు "లెట్ మీ రిపీట్ యువర్ ఆర్డర్" అని మొత్తం చదివి వినిపించండి. సగం పొరపాట్లు అక్కడే దొరికిపోతాయి.

అన్నింటికన్నా శ్రద్ధగా నేర్చుకోవాల్సింది అలర్జీ మాటలు. ఒకసారి ఓ గెస్ట్ మెనూలో పనీర్ కూర చూపించి "డజ్ ఇట్ హావ్ నట్స్?" అని అడిగారు. మా కుర్రాడు ధైర్యంగా "నో మేడమ్" అన్నాడు. వాడి దృష్టిలో నట్స్ అంటే పల్లీలు. ఆ గ్రేవీ చిక్కగా ఉండేదే జీడిపప్పు పేస్టుతో. పక్క టేబుల్ దగ్గర ఉన్న నేను విన్నాను కాబట్టి ఆ కూర టేబుల్ మీదకు వెళ్లలేదు. అలర్జీ ఉన్నవాళ్లకు ఒక్క ముద్దతో ఊపిరి ఆడని పరిస్థితి రావచ్చు. నట్స్ అంటే జీడిపప్పు, బాదం, పిస్తా కూడా. సెసమీ అంటే నువ్వులు. డెయిరీ అంటే పాలు, పెరుగు, నెయ్యి, వెన్న. గ్లూటెన్ అనగానే గోధుమ, మైదా గుర్తుకు రావాలి. షెల్‌ఫిష్ అంటే రొయ్యలు, పీతలు. కొంచెం అనుమానం ఉన్నా "ఐ విల్ చెక్ విత్ ద చెఫ్ అండ్ టెల్ యూ" అనండి. వచ్చీరాని ఇంగ్లీష్‌లో చెప్పినా ఆ ఒక్క వాక్యానికి గెస్ట్ మిమ్మల్ని నమ్ముతారు.

బిల్లు దగ్గర "ఈజ్ సర్వీస్ చార్జ్ కంపల్సరీ?" అని అడుగుతారు. దాన్ని బిల్లులో తప్పనిసరిగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025లో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. "నో సర్, ఇట్స్ ఆప్షనల్" అని చెప్పి మేనేజర్‌ను పిలవండి.

ఇదంతా నోటికి ఎక్కాలంటే లంచ్‌కీ డిన్నర్‌కీ మధ్య బ్రేక్‌లో ఇరవై నిమిషాలు చాలు. ఒకరు గెస్ట్‌గా కూర్చోవాలి, ఇంకొకరు మెనూ ఇచ్చి మొదలుపెట్టాలి. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. ఎక్కడ తొందరపడి మింగేస్తున్నారో మీకే తెలుస్తుంది. ఆ రోజు గెస్టులు అడిగి, మీకు అర్థంకాని మాట ఒక్కటి ఆర్డర్ ప్యాడ్ వెనకాల తెలుగు అక్షరాల్లోనే రాసుకోండి. రాత్రి క్లోజింగ్ అయ్యాక కెప్టెన్‌ను అడగండి. "అన్నా, స్టిర్ ఫ్రై అంటే ఏంటి?" అంటే విసుక్కునే కెప్టెన్‌ను నేనింతవరకు చూడలేదు.