మంచాన పడ్డ మనిషిని ఇంటికి తెచ్చాక మొదటి నెలలోనే సర్దుకోవాల్సినవి

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మొదటి వారంలో ఏ పని ఎవరి మీద పడితే, చాలా ఇళ్ళలో అది ఏళ్ళ తరబడి వాళ్ళ మీదే ఉండిపోతుంది. మా నాన్నకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయినప్పుడు రాత్రిళ్ళు అమ్మ లేవడం, పొద్దున నేను స్నానం చేయించడం అలాగే మొదలైంది. ఎవరూ కూర్చుని అనుకున్నది కాదు, ఆ పూటకి దగ్గరున్నవాళ్ళు చేసేశారంతే, ఎనిమిది నెలల తర్వాత చూస్తే అమ్మకి ఒక్క రాత్రి కూడా వరసగా నాలుగు గంటల నిద్ర లేదు. మీ ఇంట్లో అంతదాకా రానివ్వకండి.

డిశ్చార్జికి ముందే నర్సు దగ్గర, ఫిజియోథెరపిస్ట్ దగ్గర పనులు నేర్చుకోండి. వాళ్ళు చెప్తే వినడం సరిపోదు, వాళ్ళు చూస్తుండగా మీరు చెయ్యాలి, అది కూడా ఇంట్లో కనీసం ఇద్దరు. ఒక్కరికే వచ్చిన పని నుంచి ఆ ఒక్కరికి జ్వరమొచ్చినా సెలవుండదు. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మార్చేటప్పుడు కుర్చీని బలం ఉన్న వైపు పెట్టి, బ్రేకులు వేసి, మీ మోకాళ్ళు వంచి, నడుము వంగకుండా మనిషిని మీ ఒంటికి దగ్గరగా పట్టుకోండి. పడిపోయిన చేతిని పట్టి లాగొద్దు, చంకల కింద చేతులు పెట్టి ఎత్తొద్దు, భుజం కీలు దెబ్బతింటుంది. చూసుకునేవాళ్ళలో ముందు పోయేది నడుమే, ఎత్తడం తప్పుగా అలవాటైతే తర్వాత మార్చుకోవడం చాలా కష్టం.

ఇక రాత్రులు. కదల్లేని మనిషికి సాధారణంగా 2 గంటలకోసారి పక్క మార్చమంటారు, లేకపోతే నడుము కింద ఎముక దగ్గర, తుంటి దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. రోజూ ఒకసారి వెలుతురులో ఆ చోట్లన్నీ చూడండి. ఎర్రగా కనబడితే వేలితో నొక్కి వదలండి, నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలవుతున్నట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు తెలియదు కాబట్టి చేత్తో తాకి వేడిగా ఉందా, గట్టిపడిందా చూడాలి. అక్కడ రుద్దొద్దు, మసాజ్ చేయొద్దు, బరువు తగలకుండా పక్క మార్చి నర్సుకి గానీ డాక్టరుకి గానీ చూపించండి. ప్రత్యేకమైన పరుపు వేస్తే రాత్రిపూట గంటలు కొంచెం పెంచొచ్చేమో కూడా అడగండి, ఆ ఒక్క ప్రశ్నతో మీకు నిద్ర దొరకొచ్చు. ఇద్దరుంటే రాత్రిని చెరిసగం చేసుకోవడం కంటే రోజు విడిచి రోజు పూర్తిగా ఒకరు లేవడం నయమని నా అనుభవం, ఎందుకంటే సగం నిద్ర ఇద్దరికీ చాలదు, పైగా ఇద్దరూ పగలంతా చిరాగ్గా ఉంటారు.

అన్నం మాత్రం పడుకోబెట్టి పెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి పెట్టి, తిన్నాక అరగంట అలాగే ఉంచండి. తింటుంటే పొలమారడం, గొంతు బొంగురుపోవడం ఉంటే వెంటనే డాక్టరుకి చెప్పాలి.

నేను చేసిన పెద్ద తప్పు చెప్తాను. నాన్న కుడి చేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకోగలరు, కానీ పది నిమిషాలు పడుతుంది, నాకేమో ఆఫీసు టైమైపోతోందని నేనే పెట్టేసేవాణ్ణి. కొన్నాళ్ళకి ఆయన ప్రయత్నించడమే మానేశారు. చేసుకోగలిగినవి చేసుకోనివ్వండి, పనులు అరగంట ముందు మొదలుపెట్టండి. ఆయన ఎదుటే ఉండగా ఆయన గురించి వేరేవాళ్ళతో మాట్లాడకండి, మాట తడబడినంత మాత్రాన అర్థం కావట్లేదని కాదు.

మందుల పట్టిక, స్కాన్లు, వైకల్య ధ్రువపత్రం, ఇన్సూరెన్స్ కాగితాలు ఒకే ఫైల్లో పెట్టి ఎక్కడుందో అందరికీ చెప్పండి. దూరంగా ఉన్న తోబుట్టువులు "ఏమైనా కావాలంటే చెప్పు" అంటారు, ఆ మాట దగ్గర వదిలేయకుండా పని పేరు, తారీఖు చెప్పండి. బిల్లులు నువ్వు చూడు, వచ్చే నెల మొదటి వారం వచ్చి ఉండు, అమ్మ ఊరెళ్తుంది, ఇలా.

కోపం వస్తుంది. ప్రేమ ఉన్నా వస్తుంది, తర్వాత తప్పు చేశామనే బాధ దానికంటే ఎక్కువ తినేస్తుంది. చూసుకునేవాళ్ళ భారాన్ని అంచనా వేయడానికి డాక్టర్లు వాడే జారిట్ ప్రశ్నావళిలో 22 ప్రశ్నలుంటాయి, అందులో ఆ మనిషి దగ్గరున్నప్పుడు కోపం వస్తోందా అని నేరుగా అడుగుతారు. అంటే ఇది మీ ఒక్కరి చెడ్డతనం కాదు, అడిగి తెలుసుకోవాల్సిన లక్షణం. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా, వాళ్ళ చెకప్‌కి వెళ్ళినప్పుడే మీ గురించీ డాక్టరుకి చెప్పండి.

చివరికి పనులు పంచుకోవడానికి కూర్చున్నప్పుడు ఆ మనిషిని కూడా కూర్చోబెట్టండి. మేం ఎనిమిది నెలలకి గానీ ఆ పని చేయలేదు. నాన్న నెమ్మదిగా, మాట మాట కూడదీసుకుని మొదట అడిగింది ఒకటే, అమ్మని ఆ రాత్రి వేరే గదిలో పడుకోబెట్టమని.