టార్క్ రెంచి టిక్కుమన్నాక కూడా బోల్టు ఎందుకు తెగుతుంది?

టార్క్ రెంచి అంటే నట్టుకు ఇవ్వాల్సిన తిప్పుడు బలం (టార్క్) అందగానే టిక్కుమనే పానా. విమాన భాగాల్లో బోల్టు తెగితే హైదరాబాద్‌లో బాలానగర్ నుంచి ఆదిభట్ల దాకా ముందు వినిపించే మాట "మెటీరియల్ బాగోలేదు". నేను చూసిన తెగిన బోల్టుల్లో అది నిజమైన సందర్భాలు చాలా తక్కువ.

ముందు తెగిన ముఖాన్ని చూడండి. రెండు ముక్కలనూ కలిపి అతికించి చూడకండి, గుర్తులు చెరిగిపోతాయి. చెరువులో నీళ్లు తగ్గేకొద్దీ గట్టున పడే చారల్లాంటివి లెన్సులో కనిపిస్తే అది ఫెటీగ్, అంటే లోడు పదేపదే పడి పగులు మెల్లగా పెరిగి తెగడం. ఇక ఎక్కడ తెగిందన్నది చూడాలి.

లక్షణం: నట్టు లోపలికి వెళ్లే మొదటి మర దగ్గర, లేదా మరలు ముగిసే చోట తెగింది

నట్టులో మొదటి మరే మొత్తం లోడులో దాదాపు మూడో వంతు మోస్తుంది. కాబట్టి అక్కడ తెగడం వింత కాదు. ఇంత త్వరగా ఎందుకు తెగిందన్నదే ప్రశ్న. తొంభై పాళ్లు జవాబు ఒకటే: బోల్టులో బిగుతు లేదు. కట్టెల మోపు గట్టిగా కడితే ఎంత కుదిపినా తాడుకు ఏమీ కాదు. వదులైతే ప్రతి కుదుపూ తాడు మీదే పడుతుంది. బోల్టుదీ అదే పరిస్థితి.

"టార్క్ సరిగ్గానే ఇచ్చాం సార్" అంటారు. నేనూ అలాగే అన్నాను. మా టెస్ట్ రిగ్గులో ఒకే చోట మూడు బోల్టులు వరసగా తెగాయి. ప్రతిసారీ కొత్త బోల్టు, కొత్త నట్టు, కాలిబ్రేషన్ ఉన్న రెంచి. నాలుగోది బిగించాక మా హెల్పరు కుర్రాడు నట్టు కింది వాషరును వేలితో తిప్పాడు. అది గిర్రున తిరిగింది! బోల్టు గ్రిప్, అంటే మరలు లేని నున్నటి భాగం, ప్లేట్ల మందం కంటే ఎక్కువ. నట్టు మరలు ముగిసే చోటికి వెళ్లి అక్కడే ఇరుక్కుంది. రెంచి ఆ ఇరుకును కొలిచి టిక్కుమంది. ప్లేట్ల మీద నొక్కుడే లేదు. మూడు బోల్టులూ అందుకే పోయాయి.

కాబట్టి బిగించే ముందు ప్లేట్ల మందం, వాషర్ల మందం కలిపి కొలవండి. విమాన బోల్టుల ప్రమాణాల్లో ఏఎన్ (AN) రకం బోల్టుల గ్రిప్ 1/8 అంగుళం మెట్లలో, నాస్ (NAS) రకానిది 1/16 అంగుళం మెట్లలో దొరుకుతుంది. దగ్గరి సైజుతో సరిపెట్టకుండా సరైనదే తెప్పించండి. చిన్న తేడా ఉంటే మాన్యువల్ అనుమతించిన వాషరు వేయండి. బిగించాక వాషరును వేలితో తిప్పి చూడండి. అర నిమిషం పని. నట్టు దాటి మరలు మరీ ఎక్కువ కనిపించినా అనుమానించండి. వదులుగా పనిచేసిన బోల్టును మళ్లీ వాడొద్దు. కంటికి బాగున్నా లోపల పగులు మొదలై ఉండొచ్చు.

గ్రిప్ సరిగ్గానే ఉంటే, టార్క్ టేబుల్ పొడి మరలకా, నూనె రాసిన వాటికా చూడండి. ఇచ్చిన టార్క్‌లో దాదాపు పదో వంతే బిగుతుగా మారుతుంది, మిగతాదంతా రాపిడికే పోతుంది. సెల్ఫ్ లాకింగ్ నట్టు (దానంతటది వదులు కాకుండా మరను పట్టుకునేది) అయితే దాన్ని తిప్పడానికే పట్టే టార్క్‌ను అదనంగా కలపాలి.

లక్షణం: తల కింద మూల దగ్గర తెగింది

వాషరు తిరగబడి ఉండొచ్చు. వాలు కోసిన వైపు తలకేసి ఉండాలి, లేకపోతే వాషరు అంచు ఆ మూలను కోసేస్తుంది. వాషరు తిప్పి కొత్త బోల్టు వేయండి.

లక్షణం: లగ్గు (పిన్ను లేదా బోల్టు దూర్చే కన్నం ఉన్న చెవి లాంటి భాగం) కన్నం అంచున పగులు

పగులు లోడుకు అడ్డంగా, కన్నం పక్క నుంచే మొదలవుతుంది. చిన్న కన్నమే కదా అని వదలొద్దు. 1977 మే 14న లుసాకా దగ్గర కూలిన బోయింగ్ 707 తోక రెక్కలో పగులు మొదలైంది ఒక ఫాస్టెనర్ కన్నం దగ్గరే. అల్యూమినియం లగ్గులో నల్లటి పొడి కనిపిస్తే పిన్ను లేదా బుష్షు (కన్నంలో కూర్చునే గొట్టం లాంటి తొడుగు) సన్నగా కదులుతూ రాసుకుంటోందని అర్థం. గ్రీజు పూస్తే ఆగదు. బుష్షు తీసి ఎడ్డీ కరెంట్‌తో (లోహంలో విద్యుత్తును పుట్టించి పగుళ్లు పట్టే పరీక్ష) కన్నాన్ని పరీక్షించండి. పగులు లేకపోతే, మాన్యువల్ హద్దులో కన్నాన్ని శుభ్రంగా పెద్దది చేసి, బిగుతుగా కూర్చునే ఓవర్ సైజు బుష్షు వేయండి. పగులు కనబడితే లగ్గు మార్చాల్సిందే.

కాడ్మియం పూత ఉన్న గట్టి స్టీలు బోల్టు బిగించిన కొద్ది గంటలకో రోజులకో, చారలేవీ లేకుండా పుటుక్కున తెగితే, స్టీలులో చేరిన హైడ్రోజన్ దాన్ని పెళుసుగా మార్చడం వల్ల. అది అరుదు. ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టి ల్యాబుకు పంపండి.